ఎవరి సాలు వాళ్ళది

గుంటూరులో చిలకలూరిపేట రోడ్డు పొడుగునా కోల్డ్ స్టోరేజీలే. వాటిలో ఒకదాని వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో మిరపకాయల తాలు ఏరే ఆడవాళ్ళకి నసీమున్నీసా మేస్త్రి. యాభై ఏళ్ళుంటాయి. ఆ షెడ్డులోకి కొత్తగా వచ్చినవాడు ముందు తుమ్ముతాడు, తర్వాత కళ్ళు తుడుచుకుంటాడు, ఆ తర్వాత గుమ్మం పక్క స్తంభం మీద సుద్దతో రాసిన అంకెలు చూసి నవ్వుతాడు.

73939133.

"నసీమక్కా, ఎవరి ఫోన్ నంబరు? రెండంకెలు మింగేశావే!"

ఏటా సీజను మొదట్లో ఎవరో ఒకరు ఈ మాట అనాల్సిందే. ఒకామె అయితే నిజంగానే జాలిపడి, చివర రకరకాలుగా రెండేసి అంకెలు తగిలించి ఫోన్లు చేసింది. ఎవరో ఒంగోలాయన ఎత్తి నాలుగు తిట్టాడు. అయినా నసీమా ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే అర్థం కాదని కాదు. తాలు కాయనీ మంచి కాయనీ రెప్పపాటులో విడదీసే ఆడవాళ్ళకి ఈ లెక్క ఓ లెక్కా? అసలు చెప్పాలనిపించలేదు, అంతే. కొన్ని సంగతులు చెబితే పలచనైపోతాయని ఆమె భయం.

ఆ అంకెల కుడిపక్కన ఆమె ప్రతిసారీ బెత్తెడు చోటు వదిలేది. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సంఖ్య సంగతి మనమన్నా తెలుసుకుందాం. ప్రధాన సంఖ్య అని బళ్ళో చదువుకున్నాం కదా, ఒకటీ తనూ తప్ప మరే సంఖ్యా శేషం మిగల్చకుండా భాగించలేనిది. పన్నెండునైతే రెండూ మూడూ నాలుగూ ఆరూ ఎవరు పడితే వాళ్ళు పంచుకుంటారు. పదమూడు దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. 73939133 కూడా పదమూడు జాతిదే. అంతమాత్రమే అయితే గొప్పేం లేదు, అలాంటివి కోకొల్లలు. దీని కుడిచివరి అంకె చెరిపేయండి, 7393913 మిగులుతుంది. అదీ ప్రధాన సంఖ్యే. ఇంకోటి చెరపండి, 739391. అదీ అంతే. 73939, 7393, 739, 73, ఆఖరికి ఒంటరి ఏడు. ఎక్కడ ఆపినా, మిగిలింది పగలదు.

షెడ్డులోకి కాయల టిక్కీలు ఈడ్చుకొచ్చేది స్తంభానికి కుడిపక్క నుంచే. ఆ గోతాలు ఒరుసుకుని ఉగాదికల్లా చివరి మూడు చెరిగిపోయేది. ఎండలు ముదిరేసరికి ఇంకో రెండు పోయేవి. నసీమా మధ్యలో దిద్దేది కాదు. తండ్రి పోయాడు, అత్త పోయింది, నాలుగేళ్ళ కిందట మొగుడు గౌస్ బాషా గుండెపోటుతో పోయాడు. ఏది పోయినా మిగిలింది నిలబడే ఉందని ఆ స్తంభాన్ని చూసినప్పుడల్లా ఆమెకి అనిపించేది. మళ్ళీ ఏడు సీజను రాగానే ఎనిమిదంకెలూ కొత్తగా రాసేది.

ఇదంతా మొదలుపెట్టింది శేషాచలం మాస్టారు. పర్చూరు పక్క ఊళ్ళో లెక్కలు చెప్పేవారు. కోపిష్ఠి, కానీ లెక్క చేసినవాణ్ణి నెత్తిన పెట్టుకునేవారు. ముప్ఫై మూడేళ్ళ కిందట పదో తరగతి పరీక్షలు అయిపోయిన నాడు పిల్లలకి ఒక పొడుపు విసిరారు.

"ఒక్క అంకెతో మొదలెట్టండి. కుడిపక్క ఒక్కోటి చేర్చుకుంటా పోండి. ప్రతి మెట్టు దగ్గరా ప్రధాన సంఖ్యే కావాలి. ఎంతదూరం పోతారో చూస్తా."

నలభైమందిలో ముప్ఫై ఎనిమిదిమంది ఆ సాయంత్రానికే మర్చిపోయారు. మిగిలినవాళ్ళు ఇద్దరు. దూది ఏకి పరుపులు కుట్టే బుడేసాహెబు కూతురు నసీమా ఒకతె. చర్చి వెనక వాడలో ఉండే ఏసోబు ఒకడు. వాడు బక్కగా, నల్లగా, ఎప్పుడూ దేనికో ఆలస్యమైనవాడిలా ఉండేవాడు. మనిషి నెమ్మదేగానీ భాగహారం మొదలెడితే మాత్రం పట్టుకోలేం.

మాస్టారు పాత ప్రశ్నపత్రాల కట్ట ఒకటి ఇచ్చారు. వెనకవైపు తెల్లగా ఉండేవి. బుడేసాహెబు పాక ముందు అరుగు మీద, లోపల దూదేకే వింటినారి టంగు టంగుమంటుంటే, గాల్లో దూది ఎగిరి తలల మీద వాలుతుంటే, ఇద్దరూ చెరో చివరా కూర్చుని భాగించేవాళ్ళు. ముందు ప్రధాన సంఖ్యల పట్టిక కావాలి. కల్లంలో తాలు ఏరినట్టే ఏరారు. రెండో ఎక్కం మొత్తం ఏరి పారేశారు, మూడో ఎక్కం, ఐదో ఎక్కం... మిగిలిందే మంచి కాయ. అలా ఎనిమిది వేల ఆరువందల దాకా ఏరారు. దానికే ఒక ఎండాకాలం పట్టింది.

రెండో ఏడు ఎండాకాలానికి 73939133 దగ్గరికొచ్చారు. దాన్ని పరీక్షించడానికి వెయ్యికి పైగా భాగహారాలు. చెరిసగం. ఆఖరి భాగహారం నసీమా చేసింది. శేషం మిగిలింది. "పగల్లేదు!" అని అరిచింది. లోపల నుంచి బుడేసాహెబు "ఏంటమ్మా పగల్లేదు? కుండా?" అని కంగారుగా బయటికొచ్చాడు.

ఆ పూట ఏసోబు నవ్విన నవ్వు నసీమాకి ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. వాడి జుట్టు మీద దూది వాలి ఉంది. తీసేద్దామని చెయ్యి లేపి, మళ్ళీ దించుకుంది. ముప్ఫై రెండేళ్ళుగా ఆ చెయ్యి అక్కడే ఆగి ఉంది.

తొమ్మిదో అంకె ఏం చేర్చాలి? సరిసంఖ్యా ఐదూ చివర పనికిరావు. మిగిలింది ఒకటి, మూడు, ఏడు, తొమ్మిది. ఒకటి చేర్చినా ఏడు చేర్చినా అంకెల మొత్తాన్ని మూడు భాగిస్తుంది, కాబట్టి అవి పుట్టకముందే పోయాయి. ఇక మూడూ తొమ్మిదీ.

"నువ్వు తొమ్మిది తీసుకో, నాకు మూడు. ఎవరి సాలు వాళ్ళది" అన్నాడు ఏసోబు.

మిరపకాయ కోతకి పోయినవాళ్ళకి ఈ మాట విడమరచక్కర్లేదు. చేలో ఎవరి వరస, ఎవరి సాలు వాళ్ళే కోసుకోవాలి. పక్క సాలులో చెయ్యి పెడితే తగువే. ముందు అయిపోయినవాళ్ళు గట్టు మీద కూర్చుని రెండోవాళ్ళు వచ్చేదాకా చూడాలి.

"సరే. అయినాక చెప్పాలి మరి" అంది నసీమా.

"చెప్పకుండా ఎక్కడికి పోతా?"

పోయాడు. పోయాడనడం అన్యాయం, పోయింది నసీమాయే. అదే వారం గుంటూరు సంబంధం ఖాయమైంది. నాలుగు రోజుల్లో అన్నీ సర్దుకుని బయల్దేరారు. ఆ నాలుగు రోజులూ ఏసోబు అరుగు దగ్గరికి రాలేదు. బస్సు ఎక్కేముందు చర్చి వైపు చూసింది. ఎవరూ లేరు. సాలు ఇంకా మధ్యలో ఉండి ఉంటుందిలే, అయ్యాక చెబుతాడులే అనుకుంది. ఏడాది తిరక్కుండా వాడి కుటుంబం కూడా ఆ ఊరు వదిలిందని తెలిసింది. ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు.

గౌస్ బాషా మంచివాడు. లారీ టైర్ల కొట్లో పని. కొత్త పెళ్ళాం ట్రంకుపెట్టెలో ప్రశ్నపత్రాల కట్ట చూసి ఏమీ అనలేదు. మధ్యాహ్నాలు వంటయ్యాక ఆమె కూర్చుని అంకెలు వేస్తుంటే, కోడలు అల్లా నామం తలిచే జికర్ లెక్క రాసుకుంటోందని అత్తగారు ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకుంది. నసీమా కాదనలేదు. ఆమె సాలు మహా పొడుగు. భాగించే సంఖ్య ఐదొందలు దాటింది, పగల్లేదు. వెయ్యి దాటింది, పగల్లేదు. ఆమె ఆశ పెరుగుతూ వచ్చింది. ఆఖరికి మూడో ఏట, కడుపుతో ఉండగా, ఒక సంఖ్య దగ్గర శేషం సున్నా వచ్చింది. తొమ్మిది పగిలిపోయింది.

ఏ సంఖ్య దగ్గర పగిలిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ముందు వాడికి చెప్పాలి కదా. అందుకని మనకీ చెప్పలేదు. మనం అడగడం మర్యాద కాదు.

ఇక మిగిలింది మూడు, అంటే వాడి సాలు. దాన్ని ఆమె ముట్టుకోలేదు. కూతురు హీనా పెరిగి, డిగ్రీ చదివి, ఒకనాడు ఆ కాగితాలు చూసింది.

"అమ్మా, దీనికింత బాధెందుకు? ఫోన్లో కొడితే ఒక్క సెకను. 739391333 కదా..."

నసీమా ఫోను లాక్కున్న తీరుకి హీనా బిత్తరపోయింది. రెండు రోజులు తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. మూడోనాడు నసీమాయే అంది: "అది నా సాలు కాదే. అది నేను చేస్తే, ఆ మనిషి ఇక చెప్పడానికి ఏముంటది?"

హీనాకి అర్థమైందో లేదో, మళ్ళీ ఆ జోలికి రాలేదు. నసీమా మాత్రం ఆ మాట నోట్లోంచి వచ్చాక ఒక్కతే కూర్చుని ఏడ్చింది. తను ఎదురుచూస్తున్నది అంకె కోసం కాదని ఆనాడే తనకి పూర్తిగా తెలిసింది. మూడు పగిలిందా లేదా అన్నది కాదు. వాడు తన సాలు కోశాడా, మధ్యలో వదిలేసి మర్చిపోయాడా? అది తెలియకుండానే పోతానేమోనని ఆమె బెంగ.

కోల్డ్ స్టోరేజీకి వచ్చే ప్రతి టిక్కీ మీదా రైతు మార్కా ఉంటుంది. రేకు అచ్చు పెట్టి నీలం రంగు పూస్తారు. ఎక్కువగా ఇంటిపేరు పొడి అక్షరాలు. కొందరు త్రిశూలం, కొందరు సిలువ, కొందరు నెలవంక. అంకెలు మార్కాగా పెట్టుకున్న రైతు ఒక్కడే. ఇంకొల్లు వైపు నుంచి డ్రైవరు బాలు లారీలో వచ్చే తేజా రకం కాయ టిక్కీల మీద 127 అని ఉండేది. పన్నెండేళ్ళుగా ఆ కాయ నసీమా చేతుల మీదుగానే పోతోంది. తాలు తక్కువ, తొడిమ గట్టిది, పద్ధతిగల రైతు. కళ్ళబడ్డ ప్రతి అంకెనీ పరీక్షించడం ఆమెకి జబ్బు కాబట్టి, 127 ప్రధాన సంఖ్య అని మొదటిసారే గమనించింది. మొదటినుంచి లెక్కపెడితే ముప్ఫై ఒకటోది. బాగుందే అనుకుంది. చెప్పొద్దూ, ఆ టిక్కీ వచ్చిన రోజు ఆమెకి హాయిగా ఉండేది.

ఈ ఏడు యాజమాన్యం మార్కాలు తీసేసింది. టిక్కీకో స్టిక్కరు, స్టిక్కరు మీద గీతలు, గీతల్ని చదివే మిషను. కొత్త గుమస్తా వాసిం కుర్రతనం వల్ల ఆ మిషను పట్టుకుని పోలీసులా తిరుగుతున్నాడు. ఫిబ్రవరి చివర ఒక ఉదయం బాలు లారీ వచ్చింది. టిక్కీల మీద స్టిక్కర్లూ ఉన్నాయి, వాటి పక్కనే నీలం రంగుతో 127 కూడా ఉంది.

"స్టిక్కరుండగా మళ్ళీ ఈ రంగెందుకయ్యా? మార్కాలొద్దని చెప్పాం గదా!" అన్నాడు వాసిం.

"నాకు చెబితే ఏం లాభం? మా పెద్దాయనకి చెప్పు" అన్నాడు బాలు, తాళ్ళు విప్పుతూ. "మంచం మీద కూర్చుని దగ్గరుండి వేయించాడు. అసలాయన తీరే అంత. సరుకు దించి ఇంటికి పోగానే, రేటెంత అని అడగడు. మార్కా గురించి ఎవరన్నా అడిగారా అంటాడు. పన్నెండేళ్ళ బట్టీ ఇదే పాట. ఎవరడుగుతారండీ అంటా నేను. సరేలే అని లోపలికి పోతాడు."

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ నసీమా చేతిలో చేట ఆగిపోయింది.

"బాలూ, ఆయన ఎప్పుడన్నా ఇక్కడికి వచ్చాడా?"

"ఒక్కసారి వచ్చాడక్కా. అప్పుడు మా సరుకు వేరే కోల్డ్ స్టోరేజీకి పోయేది. ఇక్కడ పక్కన లారీ టైరు మార్పించుకుంటుంటే, దిగి ఇటు వచ్చాడు. ఆ గుమ్మం దగ్గర స్తంభం చూస్తా చాలాసేపు నిలబడ్డాడు. లోపల మీరంతా మూతులకి గుడ్డలు కట్టుకుని ఏరుతున్నారు. పలకరించలేదు, ఏం లేదు. పోదాం పద అన్నాడు. మళ్ళీ ఏడు నుంచి సరుకు ఇక్కడికే, మార్కా ఇదే. అంతకుముందు ఆయన మార్కా సిలువ గుర్తు."

నసీమా ఆయన పేరు అడగలేదు. కొంగులోంచి సుద్దముక్క తీసింది. గచ్చు మీద మిరప దుమ్ము చేత్తో తుడిచి, కూర్చుంది. 739391333 అని రాసింది. ముప్ఫై రెండేళ్ళలో ఆ తొమ్మిదంకెలూ తన చేత్తో రాయడం ఇదే మొదలు. పక్కన 127 రాసి గీత గీసింది.

ఏడువందల ముప్ఫై తొమ్మిదిలో అయిదుసార్లు, నూట నాలుగు మిగిలింది. వెయ్యి నలభై మూడులో ఎనిమిదిసార్లు, ఇరవై ఏడు. తర్వాత రెండుసార్లు. తర్వాత ఒకటి. తొమ్మిది. ఏడు. నూట పద్నాలుగు మిగిలింది, చివరి మూడు కిందికి దించింది. వెయ్యిన్నూట నలభై మూడు. నూట ఇరవై ఏడు తొమ్ములు ఎంతో ఆమె నోట్లోనే ఉంది, అయినా పక్కన వేసి చూసుకుంది. వెయ్యిన్నూట నలభై మూడు.

సున్నా.

షెడ్డులో ఆడవాళ్ళు తుమ్ములు కూడా ఆపి చూస్తున్నారు. నసీమా ఆ సున్నా మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. ముప్ఫై ఒకటో భాగహారం. వాడి చేతివేగానికి ఎంతసేపు? ఆ సాయంత్రమే అయిపోయి ఉంటుంది. దీపాలు పెట్టకముందే వాడికి తెలిసిపోయి ఉంటుంది. ఆ నాలుగు రోజులూ తెలిసే ఉంది. అరుగు దగ్గరికి రాకపోవడం అందుకే. వచ్చి చెబితే ఇద్దరి మధ్యా ఉన్న ఆ కాస్త పనీ అయిపోతుందని.

"దొంగ సచ్చినోడా" అంది పైకే. ఆమెకి కోపం వచ్చింది. ఆ వెనకే కళ్ళు నిండాయి. మిరప ఘాటు అనుకోండి అన్నట్టు కొంగుతో తుడుచుకుంది, కానీ అక్కడున్నవాళ్ళంతా ఘాటులో పుట్టి పెరిగినవాళ్ళే. ఎవరూ మోసపోలేదు. వాడు కోశాడు. మర్చిపోలేదు. పన్నెండేళ్ళుగా నీలం రంగుతో, తాటికాయంత అంకెలతో చెబుతూనే ఉన్నాడు, తనే ఆ సాలులోకి తొంగిచూడకూడదని ఒట్టేసుకుని కూర్చుంది. అంత సంతోషం, అంత దుఃఖం ఒకేసారి ఆమెకి ఎన్నడూ కలగలేదు.

బాలు లారీ తలుపు దగ్గర నిలబడి తల గోక్కుంటున్నాడు.

"మీ పెద్దాయన ఏసోబు గదా?" అంది నసీమా.

"అవునక్కా! మీకెట్టా తెలుసు?"

"బాగున్నాడా?"

"మోకాళ్ళు పనిచెయ్యడంలా. లారీ ఎక్కలేడు. ఇద్దరు కూతుళ్ళు, పెళ్ళిళ్ళయినాయి. ఆమె, వాళ్ళావిడ, బాగానే చూసుకుంటది."

వాళ్ళావిడ అన్న మాట దగ్గర నసీమాకి లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. మరుక్షణం, బాగా చూసుకునే మనిషి ఉన్నందుకు నిజంగానే సంతోషించింది. గౌస్ బాషా ఉన్నన్నాళ్ళూ తనూ ఒంటరిది కాదు కదా.

"ఫోన్ కలపనా అక్కా? మాట్లాడతారా?" బాలు జేబులో చెయ్యి పెట్టాడు.

ఆమె గొంతులోకి మాట వచ్చేసింది. ఊఁ అంటే చాలు. ముప్ఫై రెండేళ్ళ నాటి గొంతు చెవిలో వినిపిస్తుంది. నసీమా స్తంభం వైపు చూసింది, బెత్తెడు ఖాళీ వైపు చూసింది.

"వద్దు. లారీలో వచ్చిన మాటకి లారీలోనే జవాబు పోవాలి. ఇంటికి పోగానే ఆయన అడుగుతాడు గదా, ఎవరన్నా అడిగారా అని? అడిగిందని చెప్పు. ఇంకో నంబరు ఇస్తా, రాసుకో."

బాలు సిగరెట్టు పెట్టె చింపి దాని లోపలివైపు రాసుకున్నాడు. ఆమె నెమ్మదిగా, ఒక్కో అంకె విడివిడిగా చెప్పింది. అడగాలా వద్దా అని తటపటాయించి, "ఇదీ ఫోన్ నంబరేనా అక్కా? అంకెలు బాగా తక్కువున్నాయే" అన్నాడు.

"అది నా సాలు" అంది నసీమా. "ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి గట్టు మీద కూర్చున్నానని చెప్పు."

లారీ వెళ్ళిపోయింది. ఆ పూట ఆమె ఏరిన మంచి కాయలో తాలు కనబడింది. మేస్త్రమ్మ చేతిలో తాలు దొర్లడం ఎవరూ ఎరగరు.

మిరప ఆఖరి కోత మార్చి నెలాఖరుకి వచ్చింది. స్తంభం మీద చివరి మూడు అప్పటికే చెరిగిపోయింది. ఈలోగా బాలు జాడ లేదు. నసీమా గేటు చప్పుడైనప్పుడల్లా తలెత్తేది. ఆ సంఖ్యకి ఇక తొమ్మిదో అంకె లేదు, ఏ అంకె చేర్చినా పగలాల్సిందే, అదే దానికి చివర. తెలిసిన చివరని ఇంకా ఎందుకు చూస్తున్నావని తనని తనే కోప్పడేది. అయినా చూసేది.

ఏప్రిల్ మొదటి వారంలో, పొద్దున తొమ్మిదింటప్పుడు, గేటు దగ్గర వాసిం గొంతు ఖంగుమంది.

"మళ్ళీ రంగు పూసుకొచ్చారా? పైగా ఈసారి మార్కా మార్చారు! సీజను మధ్యలో మార్కా మారిస్తే నేను ఎవరి లాట్ లో కలపాలి? 127 ఏమైంది? ఎవరిదయ్యా ఇది?"

నసీమా చేట కింద పెట్టి బయటికొచ్చింది. అరవై టిక్కీలు వరసగా దిగి ఉన్నాయి. ఒక్కదాని మీదా 127 లేదు. ఆ చోట, కొత్త రేకు అచ్చుతో, ఇంకా సరిగ్గా ఆరని నీలం రంగులో, ఆమె బాలుకి చెప్పిన సంఖ్య ఉంది. అరవై టిక్కీల మీదా అదే. లారీ పక్కన బాలు నవ్వుతూ నిలబడ్డాడు.

"ఎవరిదంటే చెప్పరేం? ఎవరిదీ మార్కా?" అన్నాడు వాసిం.

"నాది" అంది నసీమున్నీసా.